ఇరవై ఆరు గంటల చీర

ఆ మూడు రోజులు మా ఆయన జ్వరంతో పడుకున్నా బాగుండేది. ఏడాదికి నాలుగుసార్లు చలిజ్వరం వచ్చే మనిషి, సరిగ్గా ఆ మూడు రోజులు గుండ్రాయిలా ఉన్నాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, వంచిన తల ఎత్తకుండా చీర నేసి పారేశాడు. ఆ ఒక్క చీరతో మా ఊరి నలభై మగ్గాల కూలి పడిపోయింది.

మా ఆయన పేరు నరహరి. మా ఊరు ఆత్మకూర్ నుంచి ఆటోలో అరగంట. ఊళ్లో ఎవరి చేయి మంచిదని అడిగితే పసిపిల్లలు కూడా ఆయన పేరే చెబుతారు. మేం నేసేది నూలు చీర, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసే చోట వేలితో తడిమినా తెలియకూడదు. ఆయన నేస్తే తెలియదు. అంత పనివాడు, నోట్లో నాలుక లేదు. ఆ లోటు పూడ్చడానికే నన్ను కట్టబెట్టారని మా వీధిలో ఎగతాళి చేస్తారు. చేయనీ. నా పేరు మంజులత, నాకు కోపం ఎక్కువే, దాచుకోను.

మాకు నూలూ పట్టూ ఇచ్చి, నేసిన చీర తీసుకుని, కూలి కట్టేది ఊళ్లోని సావుకారి. చీరకు మూడు వేలు. ఆరేళ్లుగా మూడు వేలే. ఈ ఆరేళ్లలో గ్యాస్ బండ ధర పెరిగింది, ఆటో కిరాయి పెరిగింది, పట్నం దుకాణంలో మా చీర ధర పద్దెనిమిది వేలకు పోయింది. మా కూలి దగ్గరికి వచ్చేసరికి సావుకారికి ఎక్కడలేని కష్టాలు గుర్తొచ్చేవి. పోయిన దసరాకు పది మందిమి కలిసి వెళ్లి అడిగితే, కుర్చీలో నుంచి లేవకుండానే సమాధానం చెప్పాడు.

"మర మగ్గం చీర రెండు వేలకు దొర్కుతుంటే మీ చీర ఎవడు కొంటడు? నేను గనుక నడిపిస్తున్న. వేరేటోడైతే ఎప్పుడో బంద్ వెట్టెటోడు."

అలాంటి రోజుల్లో కంపెనీ వాళ్లొచ్చారు. సావుకారి దగ్గర చీరలు కొనే పట్నం కంపెనీ అది. జడ్చర్లలో వాళ్లకు గోదాము, ఆఫీసు ఉన్నాయి. మేనేజరు రాజేందర్ సారు మమ్మల్నందరినీ సావుకారి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఇకనుంచి వాళ్ల చీరలకు 'న్యాయమైన కూలి' అని ఒక చీటీ కడతారట. ఊరికొక మగ్గం దగ్గర కూర్చుని, చీరకు ఎన్ని గంటల పని పడుతుందో గడియారం పెట్టి చూస్తారట. గంటకు వంద రూపాయల లెక్కన ఊరందరికీ అదే కూలి.

మా పక్కింటి భిక్షం బావ అక్కడే వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఆయన కూడా నేతగాడే, మా ఆయన కంటే పదేళ్లు పెద్ద.

"దినానికి తొమ్మిది గంటలు. చీరకు అయిదు దినాలు. నలభై అయిదు గంటలు. అంటే నాలుగు వేల అయిదు వందలు! ఓర్నీ, గిదేందిరా, మన బతుకులు మారేటట్టున్నయి గదరా."

"ఎవల మగ్గం సూస్తరు సారూ?" అని ఎవరో అడిగారు.

సావుకారి చూపుడు వేలు మా ఇంటి వైపు తిరిగింది. "నరహరిది సూడుండ్రి. మా ఊరి పేరు నిలబెట్టెటోడు." అప్పుడు నేను పొంగిపోయాను. నలభై మగ్గాల్లో ఎంతో నెమ్మదిగా నేసే ముసలివాళ్లు పదిమంది ఉన్నారు, వాళ్లను వదిలేసి మా ఆయన్నెందుకు చూపించాడని ఒక్కక్షణం ఆలోచించానా? లేదు. పరువు నెత్తికెక్కింది.

వాళ్లు సోమవారం వస్తామన్నారు. శనివారం నుంచే నేనూ సైదక్కా పనిలో పడ్డాం. సైదక్క అంటే సైదమ్మ, భిక్షం బావ భార్య. మా ఇద్దరిదీ ఒక పద్ధతి. మగ్గం మీద ఒక చీరకు సరిపడా పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే మగ్గాన్ని ఖాళీ చేయం. పాత పోగుల కొసలు అలాగే వదిలి, కొత్త పడుగులోని పోగును ఒక్కొక్కటే తెచ్చి దానికి అతుకుతాం. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురుబొదురు కూర్చుంటే రోజున్నర పడుతుంది. మా మగ్గానికి సైదక్క వస్తుంది, వాళ్ల మగ్గానికి నేను వెళతాను. డబ్బుల మాటే లేదు, చేతికి చేయి బదలు.

శనివారం పొద్దున్నే వీధిలో కొత్త పడుగు చాచి గంజి పట్టించాం. ఆదివారం మధ్యాహ్నానికి పోగులన్నీ అతికేశాం. ఆ తర్వాత కండెలు. పడుగులో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న చిన్న కండెలకు నూలు చుట్టడం మామూలుగా రోజూ కొంత కొంత చేసుకునే పని. ఆయన నేస్తుంటే నేను వెనక చుడుతుంటాను. అయిపోతే ఆయన ఆగుతాడు, నేను చుట్టేదాకా బీడీ తాగుతాడు. ఆ రోజు మాత్రం చీరకు సరిపడా కండెలన్నీ ముందే చుట్టి గంప నింపి పెట్టాను. కుడి భుజం పీకుతుంటే ఎడమ చేత్తో రాట్నం తిప్పాను. పట్నం నుంచి వచ్చినవాళ్ల ముందు కండె లేక మగ్గం ఆగితే మన పరువేం కావాలి!

సోమవారం ప్రియాంక అనే అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి, చేతిలో ఫోను, ఒళ్లో కాగితాల అట్ట. మర్యాద తెలిసిన పిల్ల, గడపలో చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చింది. మగ్గం పక్కన స్టూలు వేసుకుని ఫోన్లో గడియారం నొక్కింది. మా ఆయన నీళ్లు తాగడానికి లేస్తే గడియారం ఆపేది. పోగు తెగి మగ్గం ఆగినా ఆపేది. మళ్లీ చప్పుడు మొదలైతే నొక్కేది.

మూడు రోజులు ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. సైదక్క మా ఇంటికి కూడా తనే వండి తెచ్చింది, నేను పొయ్యి దగ్గర ఉండిపోతే కండె అందించేవాళ్లు ఉండరని. నేను ఆయన వెనకే కూర్చున్నాను. కండె అయిపోకముందే ఇంకొకటి చేతిలో పెట్టాను. పోగు తెగితే ఆ పిల్ల చూసేలోపే ముడివేశాను. మా ఆయన బీడీ ముట్టలేదు. మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. భిక్షం బావ గుమ్మంలో నిలబడి "కొట్టు తమ్మీ, కొట్టు!" అని ఒకటే కేకలు. ఎవరికీ బుర్ర పనిచేయలేదు. ఎంత ఆలస్యమైతే మాకు అంత కూలి అన్న సంగతి నలభై ఇళ్లలో ఒక్కరికీ తట్టలేదు. మాకు తెలిసిందల్లా ఒకటే, మంచి నేతగాడి చేయి ఆగదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆ పిల్లకు చాయ్ ఇచ్చాను. గ్లాసు తీసుకుంటూ కాగితం మీద పెన్ను ఆనించింది.

"ఆంటీ, ఇంట్ల ఇంకెవరన్నా పనిచేస్తరా? మీరేం చేస్తరు?"

"నేనేం జేస్త బిడ్డా, ఇంట్ల ఊకెనే ఉంట."

అలాగే అన్నాను. ఒట్టు, ఏమీ ఆలోచించకుండానే అన్నాను. మా వీధిలో ఏ ఆడదాన్ని అడిగినా అదే మాట. మా అమ్మా అదే అనేది. వేళ్లకు బూడిద ఇంకా వదల్లేదు, ఒళ్లో కండెల గంప ఉంది, నోరు మాత్రం ఊకెనే ఉంటనంది. ఆ పిల్ల రాసుకుంది. కింద సంతకం పెట్టమంటే, పదో తరగతి దాకా చదివినదాన్ని కదా, గీత దాటకుండా అందంగా పెట్టాను.

సాయంత్రం చీర దిగింది. ప్రియాంక ఫోను చూసి "ఇరవై ఆరు గంటలు" అంది. రాజేందర్ సారు చప్పట్లు కొట్టాడు. వీధంతా కొట్టింది. భిక్షం బావ మా ఆయన భుజం మీద చేయివేసి "మా తమ్ముని చెయ్యంటే ఏమనుకుంటిరి సారూ!" అని మీసం తిప్పాడు. మా ఆయన సిగ్గుపడి నవ్వాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన అలా నవ్వగా నేను రెండుమూడుసార్లు చూశానేమో. ఆ రాత్రి ఆయనకిష్టమని కోడిగుడ్ల పులుసు పెట్టాను.

అమావాస్య రోజు మా వాళ్లెవరూ మగ్గం ముట్టరు. అందుకే రాజేందర్ సారు ఆ రోజే రమ్మని కబురు పంపాడు. మళ్లీ అదే సావుకారి అరుగు. ఆడవాళ్లం కింద, చాప మీద. సారు కాగితం తీసి చదివాడు. చీరకు ఇరవై ఆరు గంటలు, గంటకు వంద, కూలి రెండు వేల ఆరు వందలు.

సారు తప్పు చదివాడేమో, సరిచేసుకుంటాడని కాసేపు చూశాం. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సారూ, ఇప్పుడు వస్తున్నదే మూడు వేలు గద?" అంది సైదక్క.

"తెలుసమ్మా. కానీ మేం లెక్కలేకుండ ఇయ్యలేం. కొనేటోళ్లు అడుగుతరు, ఎందుకింత అని. మీ ఊళ్లె, మీ అందరి ముందే గడియారం పెట్టి చూసినం."

"అందరు గట్ల నేయలేరు సారూ," అని ఒక ముసలాయన లేచాడు. "నాకు ఆర్రోజులు పడ్తది."

"అది మీ వేగం తాతా. చీర పని ఇరవై ఆరు గంటలే."

మేం సావుకారి వైపు చూశాం. కంపెనీ పోతే పోనీ, పాత కూలి అయినా నిలుస్తుందని. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నా చీరలు వొయ్యేది కంపెనీకే గద. వాళ్ల లెక్కనే నా లెక్క," అన్నాడు. గొంతులో ఎంత విచారమో! కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఆరేళ్లుగా తను చేయలేని పని, కూలి తగ్గించడం, మా చేతే చేయించాడు. పైగా దానికి న్యాయం అని పేరు.

భిక్షం బావ సావుకారిని ఏమీ అనలేదు. సారునూ అనలేదు. నేరుగా మా ఆయన మీదికి పోయాడు.

"నీ చేతులు ఇరగ! ఎవడు కొట్టుమన్నడురా గంత జోరుగ? నలభై ఇండ్లు ముంచినవ్ గదరా!"

"నువ్వే గద బావా, కొట్టు కొట్టు అని ఒర్రుతుంటివి!" అని నేను లేచాను. మా ఆయన నా చేయి పట్టుకుని ఆపాడు. ఆయన ఒకటే మాట అన్నాడు. "పని సూస్తమన్నరు అన్నా. మంచిగ సూపిచ్చిన." ఆ మాటతో అందరికీ ఒళ్లు ఇంకా మండింది.

ఇంటికొచ్చాక నేను వదల్లేదు. గిన్నెలు విసిరాను. "తెలివి ఉన్నోడెవడన్నా అయిదు దినాల పని మూడు దినాలల్ల జేస్తడా? బీడీ తాగరాదూ? నడుము నొస్తుందని లెవ్వరాదూ?" అని అరిచాను. ఆయన మగ్గం పలక మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"నువ్వు కండె మీద కండె అందియ్యవడితివి. నేనెట్ల ఆగుదు?"

చేతిలో గిన్నె కింద పెట్టేశాను. కండెలు నావి. అతుకులు నావి, సైదక్కవి. గంజి మాది. మా ఇద్దరి పని ఆ ఇరవై ఆరు గంటల్లో ఒక్క నిమిషం కూడా లేదు, ఎందుకంటే ఆ పిల్ల అడిగితే ఊకెనే ఉంటనని నేనే చెప్పాను. మా పనీ కలిపితే చీరకు మరో ఇరవై గంటలు. అవి రాయిస్తే కూలి నాలుగు వేలు దాటుతుంది. అంత స్పష్టంగా కనిపించింది నాకు. రాయిస్తాను, ఎందుకు రాయరో చూస్తానని ఆ క్షణమే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత సైదక్కను వెంటబెట్టుకుని జడ్చర్ల బస్సెక్కాను. భిక్షం బావకు చెప్పకుండా వచ్చింది తను. సంచిలో పడుగు పోగుల కట్టలు రెండు, కాగితం పొట్లంలో బూడిద. దారి పొడుగునా సైదక్క ఒకటే గొణుగుడు, "మనల్ని లోపటికి రానిస్తరా పిల్లా?" అని. "రానియ్యకుంటే గేటు ముంగట కూసుంట. నా నోటికి భయపడైన రానిస్తరు తియ్యి," అన్నాను.

రానిచ్చారు. ప్రియాంకే కిందికి వచ్చి తీసుకుపోయింది. తెల్లటి బండల నేల, చల్లటి గది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు నేను. నేల మీద చతికిలబడి సంచి విప్పాను.

"బిడ్డా, గడియారం దియ్యి. నొక్కు."

వేళ్లకు బూడిద అద్దుకుని పోగులు అతకడం మొదలుపెట్టాను. ఎదురుగా సైదక్క. మొదటి నాలుగు పోగులు జారాయి, ఆ తర్వాత చేతులు వాటి దారిన అవి పోయాయి. తెల్లటి బండల మీద బూడిద రాలింది. పక్క గదుల్లోంచి ఆఫీసులో పనిచేసే పిల్లలు వచ్చి గోడవారగా నిలబడి చూశారు. వంద పోగులయ్యాక చేతులు దులుపుకున్నాను.

"ఎంతాయె?"

"పధ్నాలుగు నిమిషాలు."

"గసొంటివి నాలుగు వేల మీద. గది గాక గంజి. గది గాక కండెలు. చీరకు ఇరవై గంటలు మావే. రాయి."

ఆ పిల్ల ఫోను ఒళ్లో పెట్టుకుంది. "ఆంటీ, ఆ రోజు అడిగితే ఏం చేయనన్నరు కదా మీరు."

"అంటరు బిడ్డా. ఎవల్నడిగినా గదే అంటరు. మీ అమ్మను అడిగి సూడు, ఏమంటదో."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొత్త కాగితం తీసి అన్నీ అడిగి అడిగి రాసింది. అతుకుడు, గంజి, కండెలు, ఒక్కోదానికీ గంటలు. అది పట్టుకుని రాజేందర్ సారు గదిలోకి పోయింది. సైదక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరి చేతులూ బూడిదే. జన్మలో మొదటిసారి మా పని ఒక కాగితం మీదికి ఎక్కిందని, ఆ కాగితం లోపల ఎవరో చదువుతున్నారని, ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

అరగంటకు సారే బయటికొచ్చాడు. మాకు చల్లటి నీళ్లు తెప్పించాడు. మంచిగానే మాట్లాడాడు, అదే నా ఖర్మ.

"మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజమమ్మా. ఇది ముందే రాయాల్సింది. రాస్తం. మీ పేరు కూడ చీటీ మీద వేస్తం."

"మరి కూలి?" అన్నాను.

"చీర ధర ఖాయం చేసి దుకాణాలకు ఇచ్చేసినం. కూలి మొత్తం పెరగదు. ఆ రెండు వేల ఆరు వందలల్లనే మీ వాటా వేరే చేస్తం. నేతకు ఇరవై ఒక్క వంద, సహాయానికి అయిదు వందలు. మీ అయిదు వందలు మీ ఖాతాలనే పడ్తయి. ఎవరినీ అడిగే పని లేదు మీకు."

"సహాయమా?"

"అంటే, నేర్చిన పని కాదు కదమ్మా అది. రేటు వేరే ఉంటది."

నాకు నోరుంది, మా వీధిలో నా నోటికి పేరుంది, అక్కడ అది పెగల్లేదు. ప్రియాంక తలుపు దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడింది. బస్టాండ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ బస్సులో కూర్చున్నాం. టికెట్టు తీసుకున్నాక సైదక్క నా వైపు తిరిగింది.

"అంటే మన ఇంట్ల పైసలే తీసి, మనకే ఇస్తరన్నట్టు. గంతేనా పిల్లా?"

"గంతే అక్కా."

"గీ సంబడానికి బూడిద మోసుకొస్తిమి."

ఊళ్లో ఇక నా మీద పడ్డారు. ముందు మొగుడు ముంచాడు, తర్వాత పెళ్లాం పోయి మగవాళ్ల కూలిలో అయిదు వందలు కోయించింది. అలా అన్నారు. కొన్ని ఇళ్లలో ఆ అయిదు వందల మీద మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నారు. నెల తిరిగేసరికి కొత్త చీటీలు వచ్చాయి, మందపాటి కాగితం, బంగారు రంగు దారం. నేత: నరహరి. సహాయం: మంజులత. కింద 'న్యాయమైన కూలి'. మా ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చదివాడు.

"సహాయమా," అన్నాడు. "నువ్వు అతకకపోతే నేనేం నేద్దు? గాలి నేద్దునా?" ఇరవై ఏళ్ల కాపురంలో నా పని గురించి ఆయన అన్న మొదటి మాట అది. ఆ చీటీ రాకపోతే అది కూడా అనేవాడు కాదేమో. చీటీని చీర మడతలో పెట్టి సావుకారికి ఇచ్చి వచ్చాడు.

నాలుగు నెలలు చూశాడు. ఆ తర్వాత జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. డ్రమ్ములు దొర్లించే పని. పోగు తెగకుండా పట్టు నడిపించిన వేళ్లకు రబ్బరు తొడుగులు. పదిహేను రోజులకోసారి వస్తాడు, వచ్చినప్పుడు మగ్గం గదిలోకి పోడు. భిక్షం బావ ఆ మాత్రం కూడా ఆగలేదు. మగ్గం కర్రలు పీకి పొయ్యి కిందికి పెట్టాడు, గుంటలో మట్టి పోసి పూడ్చాడు, కొత్తకోట దగ్గర పెట్రోలు బంకులో రాత్రి కాపలాకు పోయాడు. ఆ గుంట పూడుస్తున్నప్పుడు సైదక్క మా ఇంట్లో కూర్చుంది, చెవులు మూసుకుని.

మా మగ్గం మీద ఇప్పుడు నేను కూర్చుంటాను. నేయడం నాకు రాదా ఏమిటి, ఇరవై ఏళ్లు వెనక కూర్చుని చూసినదాన్ని. ఆయనంత చేయి లేదు. చీరకు ఆరు రోజులు పడుతుంది. నేతకు ఇరవై ఒక్క వంద, సహాయానికి అయిదు వందలు, రెండూ నా పేరు మీదే పడతాయి. చీటీ మీద రెండు చోట్లా మంజులత అనే ఉంటుంది. సైదక్క అతకడానికి ఎప్పటిలాగే వస్తుంది. కండెలు కూడా తనే చుడుతుంది. రమ్మని నేను పిలవలేదు, రావొద్దనీ అనలేదు. బదలుకు పోవడానికి వాళ్లింట్లో మగ్గం లేదు. కడుపుకు ఇంత అన్నం పెడతాను, పోయేటప్పుడు ఒకసారి వంద, ఒకసారి యాభై చేతిలో పెడతాను. ఒక్కోసారి అదీ ఉండదు. "ఉండనీ పిల్లా, నాకింట్ల పొద్దువోదు," అంటుంది. మగ్గం చప్పుడు లేని ఇంట్లో ఉండలేక వస్తుందని నాకు తెలుసు. తెలిసే చేయించుకుంటున్నాను.

మొన్న శ్రావణంలో ప్రియాంక మళ్లీ వచ్చింది. ఏడాదికోసారి చూసిపోవాలట. ఈసారి కాగితాలు లేవు, చేతిలో పలకలాంటి ఫోను. గడపలోనే చెప్పులు విప్పింది. కొత్త పడుగు వేసి ఉంది, మేమిద్దరం ఎదురుబొదురు కూర్చుని ఉన్నాం. పిల్ల మా దగ్గరే నేల మీద కూర్చుంది. ముందు నా బాగోగులు అడిగింది, మా ఆయన గురించి అడిగింది. ఆ తర్వాత మెల్లగా సైదక్క వైపు తిరిగింది.

"ఆంటీ, మీరిక్కడ ఏం పనిచేస్తున్నరు? చెప్పండి, ఈసారి సరిగ్గ రాస్తా. సహాయం డబ్బులు ఎవరు చేస్తే వాళ్ల ఖాతాలకే పోవాలె."

అయిదు వందలు. నెలకు నాలుగు చీరలు దిగితే రెండు వేలు. నేత కూలి చేతికొచ్చేలోపే పాత అప్పులకు పోతుంది. మా ఆయన పంపేది ఆయన గది కిరాయి పోగా ఎంతని! ఆ రెండు వేలతోనే బియ్యం, నూనె, గ్యాసు. సైదక్క నోరు తెరిచింది. ముందు నా ముఖం చూసింది. అడుగుతున్నట్టు చూసింది, నువ్వే చెప్పు పిల్లా అన్నట్టు. జడ్చర్లలో నా చేయి ఎలా పట్టుకుందో, అప్పటి చూపే.

"ఏం జేస్తది బిడ్డా," అన్నాను. "ఊకెనే కూసుంది. ముచ్చట వెట్టనీకె వచ్చింది."

ప్రియాంక సైదక్క వేళ్లు చూసింది. పది వేళ్లకూ బూడిద ఉంది, రెండు వేళ్ల మధ్య సగం మెలిపెట్టిన పోగు ఉంది. ఆ తర్వాత నన్ను చూసింది. ఇప్పుడా పిల్లకు చూడటం వచ్చు, నేనే నేర్పాను. ఇంకోసారి అడుగుతుందేమో, అడిగితే ఒప్పుకుందామనుకున్నాను. అడగలేదు. ఏదో నొక్కింది, లేచి చెప్పులేసుకుంది.

సైదక్క చేతిలో ఉన్న ఆ పోగును పూర్తిగా అతికింది. సగంలో వదిలేస్తే జారిపోతుందని. చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "చాయ్ తాగి పో అక్కా," అన్నాను. "తాగే వచ్చిన," అంది. వాకిలి దాటుతూ వెనక్కి తిరగలేదు.

ఇంకా మూడు వేల పైచిలుకు పోగులు మిగిలి ఉన్నాయి. నేనొక్కదాన్నే కూర్చుని అతికాను, మూడు రోజులు పట్టింది.